రెండో నంబరు

చొక్కా చేతులు పొడుగైనా, ప్యాంటు నడుము బిగుతైనా, ముచ్చటపడి కొన్న గౌను ఒంటికి నప్పకపోయినా ఆ వీధివాళ్ళకు దిక్కు టైలరమ్మే. మెట్ల పక్క తలుపు తోసుకుని వెళితే పొడుగాటి ఇరుకు గది. ఒక గోడకు కుట్టు మిషను, ఎదుటి గోడకు టీవీ, ఆ రెంటి నడుమ ఒక మనిషి ఒద్దికగా నడవగలిగేంత దారి. మిషనుకు అవతల, కిటికీ వైపు, ఒక చేతుల కుర్చీ. అది ఆమె అత్తగారిది. ఆవిడ పోయాక కూడా అందులో ఎవరూ కూర్చోలేదు. కత్తిరించిన గుడ్డలు పెట్టుకోవడానికి చోటు చాలక నేలంతా పరుచుకుంటూ కూడా టైలరమ్మ ఆ కుర్చీ జోలికి పోలేదు.

అత్తగారి పని కాజాలు తీయడం, గుండీలు కుట్టడం. కోడలు మిషను మీద కుట్టి ఇటు విసిరితే ఆవిడ అందుకునేది. కళ్ళు టీవీ మీద, వేళ్ళు గుడ్డ మీద. కిందికి చూసే అలవాటే లేదు. సూది ఏనాడూ గుచ్చుకున్న పాపాన పోలేదు. అత్తాకోడళ్ళు కత్తులు నూరుకునే సీరియళ్ళంటే ఆవిడకు గిట్టదు. "ఇంట్లో ఉన్నదే కదే అమ్మాయ్, మళ్ళీ అందులో చూడ్డమెందుకు?" అనేది. ఆవిడ మనసుపడి చూసింది ఒక్కటే. శనివారం సాయంత్రం వచ్చే 'కాపలా నౌక'.

చుక్కల మధ్య పోతూ ఉండే ఓడ అది. చేరవలసిన చోటు ఎంత దూరమంటే, జనమంతా పెట్టెల్లో పడుకుని నిద్రలోనే ప్రయాణం చేస్తుంటారు. మెలకువగా ఉండేది కాపలావాడు ఒక్కడే. ఒంటరితనం భరించలేక వారానికొక పెట్టె తెరుస్తాడు. ఒక మనిషిని లేపుతాడు, ఒక పూట కబుర్లాడతాడు, మళ్ళీ నిద్రపుచ్చుతాడు. చిట్టచివరి వరసలో ఒక పెట్టె ఉంది. దాని దగ్గరికి వెళతాడు, మూత మీద చెయ్యి వేస్తాడు, వెనక్కి వచ్చేస్తాడు. అందులో ఎవరున్నారో సీరియల్ వాళ్ళు ఏళ్ళు గడిచినా చెప్పలేదు.

మొదట్లో అత్తగారు ఒక్కతే చూసేది. చొక్కా కోసం వచ్చిన మందుల షాపాయన సగం కథ నిలబడే చూసి, పై శనివారం తన స్టూలు తానే మోసుకొచ్చాడు. ఆయన వెనక రిటైరైన జాగ్రఫీ మేష్టారు, ఆ వెనక బ్యూటీ పార్లర్ అమ్మాయి. ముగ్గురూ అత్తగారిని పెద్దమ్మగారూ అని పిలిచేవారు. ఆ పెట్టె గురించి వాళ్ళు పడ్డ కీచులాటలు అన్నీ ఇన్నీ కావు. పెట్టెలో కాపలావాడి పెళ్ళాం ఉందని పార్లర్ అమ్మాయి, వాడు చంపిన కెప్టెన్ ఉన్నాడని మందుల షాపాయన.

"ఎవరూ ఉండరు. ఖాళీ పెట్టె," అనేది అత్తగారు దారం కొరుకుతూ. "వాడు పడుకోవడానికి దాచుకున్న చోటు. కాపలా ఇంకా తీరలేదు కనక పడుకోడు."

టైలరమ్మకు ఈ గొడవంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉండేది. ఓడా లేదు, పాడూ లేదు. టీ పెట్టి ఇచ్చి, తన కుట్టు తను కుట్టుకునేది.

టీవీ పక్కనే ఒక నల్ల డబ్బా ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీవాళ్ళు పెట్టింది. టీవీ వెయ్యగానే దాని మీద మూడు ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటాయి. చూసేవాళ్ళు ఒక చిన్న రిమోట్ మీద తమ నంబరు నొక్కితే ఆ దీపం పచ్చగా నిలబడుతుంది. లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది. ఒకటో నంబరు టైలరమ్మ భర్తది. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. రెండు అత్తగారిది. మూడు టైలరమ్మది. డబ్బా సంగతి బయటివాళ్ళకు చెప్పకూడదన్నది షరతు. అందుకని ఎవరడిగినా కరెంటు హెచ్చుతగ్గులు సర్దే డబ్బా అని చెప్పేవారు.

ఆ ఇంట్లో కంపెనీ మాట తు.చ. తప్పకుండా పాటించింది అత్తగారు ఒక్కతే. ప్రకటనలు రాగానే తన నంబరు నొక్కి దీపం ఆర్పేది. మంచినీళ్ళకని వంటింట్లోకి లేచేది. దారి ఇరుకు కనక టైలరమ్మ కాళ్ళు ముడుచుకోవాలి. మిషను ఆగిపోయేది. టైలరమ్మకు ఒళ్ళు మండేది.

"రెండు నిమిషాలకి ఆ దీపం ఆర్పకపోతే ఏం కొంపలంటుకుంటాయత్తయ్యా?"

"లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం అబద్ధం కాదూ? జరుగు, జరుగు."

ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ కుర్చీలోనే వెళ్ళిపోయింది. మందుల షాపాయన ముచ్చటపడి కుట్టించుకుంటున్న కోటు, కాపలావాడు వేసుకునే లాంటి బూడిదరంగు కోటు, ఒళ్ళో ఉంది. కింది కాజా సగం అయింది. సూది అందులోనే నిలిచి ఉంది. టైలరమ్మ కోటును అలాగే సూదితో సహా మేకుకు తగిలించింది.

కంపెనీకి కబురు చేయాలి. రెండో నంబరు తీయించాలి. టైలరమ్మ ఫోను చేతిలోకి తీసుకునేది, మళ్ళీ పెట్టేసేది. చేస్తే "లేరు" అని నోటితో అనాలి. ఆవిడతో ఆమెకు ఏనాడూ పొసగలేదు. అయినా ఆ ఒక్క మాటా గొంతు దాటి రాలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక శనివారం మందుల షాపాయన వాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. టైలరమ్మ టీ పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చేసరికి ఒకటో దీపం పచ్చగా ఉంది. రెండోదీ పచ్చగా ఉంది. టీ అందిస్తూ భర్త వైపు చూసింది. డ్రైవరు మంచం మీద కూర్చుని టీవీలోకి చూస్తున్నాడు. ప్రకటనలు రాగానే రెండో దీపం ఆరిపోయింది. కథ మొదలవగానే మళ్ళీ వెలిగింది. కన్నకొడుకు కదా, తల్లి అలవాటును కూడా పోనివ్వడం లేదు పాపం, అనుకుందామె. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంది. అప్పటి నుంచి ప్రతి శనివారం అదే వరస. మిగతా రోజుల్లో ఆ దీపం ఎర్రగా మిణుకుమంటూ ఉండిపోయేది.

అంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. చూసేవాళ్ళు తగ్గిపోయారు, 'కాపలా నౌక' ఆపేసే ఆలోచనలో ఉన్నారట.

"ఆపేస్తే మరి పెట్టె?" అంది పార్లర్ అమ్మాయి.

"పెట్టెతో పాటు మనల్నీ గాల్లో వదిలేస్తారు," అన్నాడు మేష్టారు. "పోనీ ఉత్తరాలు రాద్దామా?"

"రాయండి మేష్టారూ. అక్షాంశాలూ రేఖాంశాలూ వేసి మరీ రాయండి. వాళ్ళు చెత్తబుట్ట ఎక్కడుందో వెతుక్కోకుండా ఉంటుంది," అన్నాడు మందుల షాపాయన. ఆ తర్వాత గొంతు తగ్గించి టైలరమ్మ వైపు వంగాడు. "అక్కా, ఈ డబ్బా ఏమిటో నాకెప్పుడో తెలుసు. ఇలాంటిది ఉన్న ఇల్లు నూటికో కోటికో ఒకటి. ఈ గదిలో ఒక దీపం ఆరిపోతే, ఒక పేట పేటంతా టీవీ కట్టేసినట్టు లెక్క. పెద్దమ్మగారి దీపం వెలుగుతూనే ఉంది, చూస్తున్నాను. ఎవరు నొక్కుతున్నారో నేనడగను. ఆపకండి, అంతే."

వాళ్ళు వెళ్ళాక గ్లాసులు తీస్తూ టైలరమ్మ భర్తతో అంది. "మీరు నొక్కుతున్నట్టు వాళ్ళకి కూడా తెలిసిపోయింది."

"ఏం నొక్కుతున్నాను?"

"రెండో నంబరు."

డ్రైవరు ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు కదే నొక్కుతున్నది?"

ఆమె పళ్ళెం కింద పెట్టింది.

"నేను టీ పళ్ళెం పట్టుకుని ఉంటే ఎలా నొక్కుతానండీ?"

"నువ్వే అనుకున్నాను. అమ్మంటే బతికుండగా లేని ప్రేమ ఇప్పుడు పుట్టుకొచ్చిందిలే, ఎందుకు అడగడం అని..." ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. రిమోట్ టీవీ మీద, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మంచానికీ అందదు, మిషనుకీ అందదు. కుర్చీలో కూర్చుంటే మాత్రం చెయ్యి చాస్తే అందుతుంది.

"డబ్బా పాడైపోయి ఉంటుంది," అన్నాడు.

"పాడైన డబ్బాకి ప్రకటనలు ఎప్పుడొస్తాయో తెలుస్తుందా?"

ఆ వారమంతా టైలరమ్మ కుర్చీ కనబడకుండా మిషనును అవతలి వైపు తిప్పుకుని కుట్టింది. రెండో రోజుకే ఆ వేషం మానుకుందామనుకుంది. కుర్చీని వెనక పెట్టుకుని కూర్చోవడం, దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం కంటే కష్టంగా ఉంది.

మరుసటి శనివారం సీరియల్‌కు కొంచెం ముందుగా కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు, చంకలో సంచీ. ముగ్గురూ అప్పటికే స్టూళ్ళ మీద చేరి ఉన్నారు.

"మీ ఇంట్లో రెండో నంబరు చిత్రంగా ఉందమ్మా," అన్నాడు. "వారంలో ఒక్కటే కార్యక్రమం చూస్తున్నారు. ప్రకటనలకి ఆపేస్తున్నారు, మళ్ళీ వేస్తున్నారు. ఇంత ఒద్దికగా చూసేవాళ్ళు మా లెక్కలో ఇంకెవరూ లేరు. ఒకసారి వారితో మాట్లాడి వెళదామని."

"పెద్దమ్మగారు ఊరెళ్ళారు," అన్నాడు మందుల షాపాయన చటుక్కున.

"పోయిన శనివారం కూడా చూశారే?"

"శనివారం శనివారం వస్తారు," అన్నాడు మేష్టారు.

అన్న మేష్టారే తన మాటకు తాను ఉలిక్కిపడి కుర్చీ వైపు చూశాడు.

కంపెనీ మనిషి టైలరమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఆవిడ ఉన్నారా, లేరా?"

మందుల షాపాయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఉన్నారంటే సరిపోతుంది. ఓడ ఇంకొన్నాళ్ళు నడుస్తుంది, రెండో దీపం వెలుగుతుంది. అదే ఆమెను భయపెట్టింది. దీపం వెలుగుతుంది. వారం వారం వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగుకు వీపు పెట్టి కుట్టుకోవడం తన వల్ల అవుతుందా? లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం అబద్ధం కాదూ, అన్న అత్తగారి మాట గుర్తొచ్చింది. ఆ మాటను అడ్డం పెట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. నిజానికి అది భయమే.

"లేరు," అంది.

ఆయన ఫోనులో ఎవరికో ఏవో అంకెలు చెప్పాడు. డబ్బా మీద రెండో దీపం పక్కన అంటించిన నంబరు కాగితాన్ని గోటితో గీకేశాడు. రెండో దీపం మిణుకుమనడం మానేసి నల్లబడింది. "జరిగింది తప్పే కానీ, మీ మనసు అర్థం చేసుకోగలను," అన్నాడు. "ఈ ఇంటి లెక్క మొత్తం తీసేస్తారు. పై వారం మనిషొచ్చి డబ్బా పట్టుకెళతాడు."

ఆయన మెట్లు దిగాక మందుల షాపాయన అన్నాడు. "చంపేశావక్కా." అన్న మరుక్షణమే నాలిక కరుచుకున్నాడు. సీరియల్ సంగతి అని సర్దబోయాడు. టైలరమ్మ తల ఊపింది.

ఆ సాయంత్రం కాపలావాడు చివరి పెట్టె దాకా నడిచాడు. మూత మీద చెయ్యి వేసి, ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచాడు. కథ అక్కడ ఆగింది. ఆ తర్వాత తెర మీద నాలుగు ముక్కలు రాశారు, ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలు అని. స్టూళ్ళు మోసుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. మందుల షాపాయన గుమ్మం దగ్గర ఆగి, "ఆ కోటన్నా పూర్తి చేసి ఇవ్వక్కా. గుర్తుగా ఉంటుంది," అన్నాడు.

వారం తిరిగింది. డబ్బా పట్టుకెళ్ళాల్సిన మనిషి రాలేదు. గోడ గడియారం ఆగిపోతే, ఇంక ఆ రిమోట్‌తో పనేముందని డ్రైవరు అందులోని బ్యాటరీలు తీసి గడియారానికి వేశాడు. శనివారం సాయంత్రం 'కాపలా నౌక' చోట ఏదో పాటల పోటీ అట. టీవీ వెయ్యబుద్ధి కాలేదు ఇద్దరికీ. డ్రైవరు మంచం మీద పేపరు పరుచుకున్నాడు. టైలరమ్మ మేకు మీద నుంచి కోటు తీసింది. కింది కాజాలో అత్తగారు వదిలిన సూది అలాగే ఉంది. అంత సన్నని కుట్టు తనకు రాదని తెలుసు. అయినా కుట్టక తప్పదు.

నాలుగు కుట్లు వేసిందో లేదో పేపరు చప్పుడు ఆగిపోయింది.

తల ఎత్తింది. టీవీ నల్లగా ఉంది. అద్దంలాంటి ఆ నలుపులో కిటికీ, కుర్చీ అంచు కనిపిస్తున్నాయి. పక్కనే డబ్బా మీద, కాగితం గీకేసిన చోట, పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది.

"నువ్వు..." అన్నాడు డ్రైవరు.

"నా చేతిలో సూది ఉందండీ."

లేచి వెళ్ళి ఆ వైరు లాగేయొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తోచింది, ఇద్దరూ కదల్లేదు. చూసేది మానేసి చేతుల్ని వాటి మానాన వదిలేస్తే కుట్టు నడుస్తోందని టైలరమ్మ కొంతసేపటికి గమనించింది. ఆమె కళ్ళు నల్లటి తెర మీదే ఉన్నాయి. ఎక్కడో ఓడ ఆగలేదన్నమాట. కాపలావాడు ఆ మూత మీద నుంచి చెయ్యి తీశాడో, మూతే ఎత్తాడో. చూస్తున్న మనిషికి తెలుస్తుంది. అడగాలని ఉంది. ఏమని అడగాలో తెలియలేదు.

దీపం ఆరిపోయింది.

టీవీయే వెయ్యనప్పుడు ఆ దీపం వెలగడమేమిటి, ఆరడమేమిటి అని ఆలోచించే వ్యవధి ఆమెకు లేకపోయింది. ప్రకటనల వేళ అది. కిటికీ వైపు నుంచి వంటింటికి వెళ్ళే దారిలో తను కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

టైలరమ్మ కాళ్ళు ముడుచుకుంది.