బుడ్డ కడుపు ఉబ్బిన నాడు

నా చిన్నప్పుడు గద్వాలలోని మా ఇంటికి ఒక గినీ పంది వచ్చింది. వనపర్తి కాలేజీలో అటెండరుగా పనిచేసే మా మేనమామ దాన్ని గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. అక్కడి సైన్సు గదిలో జంతువులను పెంచడం మానేస్తున్నారట, కావలసినవాళ్ళను తీసుకుపొమ్మన్నారట. పంది అన్న మాట చెవిన పడగానే మా అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, గంపను గడప దాటనివ్వలేదు. "పంది గాదత్తమ్మా, సీమ కుందేలు" అని మా మేనమామ అప్పటికప్పుడు దానికొక కులం పుట్టించి లోపలికి తెచ్చాడు.

రెండు చేతుల్లో ఒదిగేటంత ఉండేది. మా వైపు వేరుశెనగకాయలను బుడ్డలు అంటారు. దాని మట్టి రంగునూ, గుండ్రటి ఒంటినీ చూసి నేను దానికి బుడ్డ అని పేరు పెట్టాను.

మాది చీరలు నేసే ఇల్లు. ముందు గదిలో మా నాన్న, పెదనాన్న చెరో మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, మా అమ్మ, పెద్దమ్మ రాట్నాల దగ్గర నూలు చుట్టేవాళ్ళు. బుడ్డ గంప పెద్దమ్మ రాట్నం పక్కన ఉండేది. మొదట్లో మగ్గం చప్పుడుకు బెదిరి మూలకు నక్కేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆగినప్పుడే తలెత్తి చూడడం నేర్చుకుంది. నేను బడి నుంచి వచ్చి తలుపు తోస్తే చాలు, సన్నగా ఈల వేసినట్టు కూసేది. ఆ ఇంట్లో నా కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుందని నాకు గర్వంగా ఉండేది.

పెద్దమ్మ తక్కువ మాట్లాడే మనిషి. ఆమెకు పిల్లలు లేరు. నా జడ వేసేటప్పుడు కూడా మాటలు ఉండేవి కావు, చేతులే చెప్పేవి, తల ఇటు తిప్పు, అటు తిప్పు అని. బుడ్డకు గడ్డి వేసేదీ, గంపలో పాత గోనె మార్చేదీ ఆమెనే. దాన్ని నేను ముద్దు చేసేదాన్ని, ఆమె చూసుకునేది.

వానలు మొదలైన రోజుల్లో బుడ్డ లావెక్కడం మొదలుపెట్టింది. మెల్లగా కాదు, చూస్తుండగానే. పక్కలు ఉబ్బి, నడుస్తుంటే కడుపు నేలకు రాసుకునేది. మా అవ్వ దాన్ని చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఇది కడుపుతోటి ఉన్నదే! వచ్చేటప్పుడే నింపుకోని వచ్చింది" అంది. కాలేజీలో మగవి కూడా ఉండేవని మేనమామ అనడంతో ఇక అందరికీ నమ్మకం కుదిరింది. ఇల్లంతా సంబరమే. పందని గడప దాటనివ్వని అవ్వే దానికి బెల్లం ముక్క, నానిన శనగలు, పాలల్లో పిసికిన అన్నం పెట్టడం మొదలుపెట్టింది. మా అమ్మ పనికిరాని నూలు పోగులన్నీ కూడబెట్టి మెత్తటి పక్క చేసింది. నేను బడిలో నా స్నేహితురాళ్ళకు తలా ఒక పిల్ల ఇస్తానని మాట ఇచ్చేశాను.

పెద్దమ్మ ఒక్కతే ఆ సంబరంలో కలవలేదు. ఒక మధ్యాహ్నం అవ్వ బుడ్డను ఎత్తి చూపించి, "చూడు, ఎట్ల నిండిందో" అని నవ్వితే, పెద్దమ్మ రాట్నం ఆపి దొడ్లోకి వెళ్ళిపోయింది. పిల్లలు లేని మనిషి కదా, కష్టంగా ఉంటుందిలే అని మా అమ్మ నా చెవిలో చెప్పింది. నేనూ అదే అనుకున్నాను.

తర్వాత బుడ్డ తినడం తగ్గించింది. మొదట శనగలు వదిలేసింది, ఆ తర్వాత గడ్డి కూడా. గంపలో గోనె తడితడిగా, వాసనగా ఉండేది. బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు గూనిగా చేసి ఒక మూల కూర్చునేది. దగ్గరికి చెవి పెడితే పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపించేది. నేను బడి నుంచి వచ్చినా కూయలేదు. "నొప్పులు మొదలైనయి, ఇయ్యాలో రేపో ఈనుతది" అని అవ్వ ధైర్యం చెప్పింది.

ఆ మాట విన్నాక పెద్దమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. బుడ్డను ఒళ్ళోకి తీసుకుని, కళ్ళు మూసుకుని దాని కడుపు కింద చెయ్యి పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంది. కదలికేదైనా తగులుతుందేమోనని వెతుకుతున్నట్టు వేళ్ళు మెల్లగా జరిపింది. తర్వాత నా చెయ్యి తీసుకుని అక్కడే పెట్టించింది. డప్పు తోలులా బిగుసుకుని ఉంది. ఒక పక్కన లోపల ఏదో గట్టిగా, గుండ్రంగా తగిలింది.

"ఇండ్ల పిల్లలు లేవు బిడ్డా" అంది పెద్దమ్మ.

మగ్గాలు రెండూ ఆగిపోయాయి. మా అవ్వ ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఒక చిన్న జంతువు గురించి అన్న మాటకు పెద్దవాళ్ళంతా ఎందుకట్లా బిగుసుకుపోయారో నాకు అప్పుడు అర్థం కాలేదు. నా పెళ్ళయిన చాలా ఏళ్ళకు మా అమ్మ చెప్పింది.

నేను పుట్టకముందు పెద్దమ్మ కడుపు కూడా అట్లాగే పెరిగిందట. పెళ్ళయి ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాక పెరిగిన కడుపు. అవ్వ ఊరందరినీ పిలిచి గాజులు తొడిగించిందట. నెలలు నిండుతున్నాయనుకుంటుండగా నొప్పి వచ్చి పడిపోతే కర్నూలు తీసుకుపోయారు. అక్కడ కోసి తీస్తే బిడ్డ కాదు, గడ్డ. గర్భసంచి కూడా తీసేశారు. ఆమెకు తెలివి వచ్చేసరికి అవ్వ పక్కన కూర్చుని, బిడ్డ పుట్టి పోయిందని చెప్పింది. నిజం విని తట్టుకోలేదని ఇంటిల్లిపాదికీ అదే మాట చెప్పమంది. పెద్దమ్మ అడిగేదట, ఆడపిల్లా మగపిల్లాడా అని. ఆడపిల్ల అన్నారు. ఎవరి పోలిక అని అడిగేదట. నీ పోలికే అన్నారు. లేని బిడ్డకు కళ్ళూ ముక్కూ పెట్టి ఆమె ఎన్నో నెలలు ఏడ్చింది. తర్వాత మరోసారి దవాఖానకు పోయినప్పుడు అక్కడి డాక్టరమ్మ పాత కాగితాలు చూసి మామూలుగా గడ్డ సంగతి ఎత్తింది. పెద్దమ్మ ఇంటికొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదట. అప్పటి నుంచే మాటలు తగ్గిపోయాయి.

ఆ రోజు మాత్రం ఆమె బుడ్డను కొంగులో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని పశువుల దవాఖానకు నడిచింది. అక్కడ ఒక బర్రె, రెండు మేకల తర్వాత మా వంతు వచ్చింది. డాక్టరు నవ్వుతాడేమోనని నేను భయపడ్డాను. ఆయన నవ్వలేదు. బల్ల మీద గుడ్డ పరిపించి, చాలా జాగ్రత్తగా తడిమి చూశాడు. కడుపు నిండా గాలి పట్టిందనీ, లోపల గడ్డ ఉందనీ, అది పేగులను నొక్కుతోందనీ చెప్పాడు. "గింత చిన్న జీవిని కోసి బతికియ్యడం నాతోటి కాదమ్మా. గాలి తగ్గనీకె మందు పోస్త, జర నొప్పి తగ్గుతది. గంతే" అన్నాడు. చుక్కలు చుక్కలుగా మందు పోశాడు. వేడి నీళ్ళలో పిండిన గుడ్డ కడుపుకు ఆనించమన్నాడు.

దారి పొడుగునా పెద్దమ్మ బుడ్డను కొంగులో కప్పుకుని వడిగా నడిచింది. డాక్టరు మాటలు నాకు సగం అర్థమయ్యాయి, మిగతా సగం అర్థం కావద్దని నేనే అనుకున్నాను. ఇంటికి రాగానే అవ్వ ఎదురొచ్చింది. పెద్దమ్మ ముఖం చూసి సంగతి గ్రహించి, ఆమెను పక్కకు లాగింది. నేను వింటూనే ఉన్నాను.

"పిల్ల తట్టుకోదు. రేపు బడికి పోయినంక మామ వచ్చి తీస్కపోయిండని చెప్పు. వనపర్తిల పిల్లల్ని పెట్టిందని చెప్దాం" అంది అవ్వ.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "వద్దత్తమ్మా. ఎన్ని పిల్లలని అడుగుతది. ఏ రంగువని అడుగుతది. ఏం చెప్తవు?" అంది.

అవ్వ ఆమె చెయ్యి వదిలేసింది.

పెద్దమ్మ అరుగు మీద నన్ను కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడి చెప్పలేదు. ముందు తను కూర్చుంది, బుడ్డను నా ఒళ్ళో పెట్టింది, వెచ్చటి గుడ్డ దాని కడుపు కింద సర్దింది. అప్పుడు చెప్పింది. "ఇది బతకదు బిడ్డా. కడుపుల గడ్డ ఉన్నది. పిల్లలు లేవు, ఎప్పుడూ లేకుండె. మనమే అట్ల అనుకున్నం."

నేను ఏడ్చాను. అబద్ధమన్నాను, డాక్టరుకు ఏమీ తెలియదన్నాను, నువ్వు కావాలనే అంటున్నావన్నాను. ఆమె అన్నీ పడింది. ఊకో అనలేదు, ఇంకోదాన్ని తెస్తాననలేదు. చుట్టాల్సిన నూలు ఇంట్లో పడి ఉంది, మా పెదనాన్న రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఆమె కదల్లేదు. నా ఏడుపు అలసిపోయాక, "నొస్తుందా దానికి?" అని అడిగాను. "నొస్తది. నీ చెయ్యి పెడితే జర ఊకుంటది చూడు" అంది. నిజమే, చెయ్యి పెడితే పళ్ళు కొరకడం ఆగేది. అందుకని తీయలేదు. దాని ఊపిరి నా అరచేతి కింద వడివడిగా కొట్టుకుంది, తర్వాత ఆగి ఆగి వచ్చింది. పొద్దు గూకుతుండగా ఒకసారి కాళ్ళు చాచి, మళ్ళీ ముడుచుకోలేదు.

దొడ్లో గుంత తీసింది మా నాన్న. మట్టి కప్పాక అందరూ లోపలికి వెళ్ళారు. పెద్దమ్మ మాత్రం నన్ను పట్టుకుని అక్కడే కూర్చుంది. మా అవ్వ కర్ర ఊతంగా వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. కొంగు చివరను వేళ్ళకు చుట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది:

"నీ కడుపుల కూడ బిడ్డ లేకుండెనే. నేనే చెప్పిన. ఏడ్వనీకె నీకేదన్న ఒకటి ఉండాలనుకున్న."

"తెలుసత్తమ్మా" అంది పెద్దమ్మ. మట్టిని అరచేత్తో సదును చేస్తూ, "నేను దానికి పేరు గూడ పెట్టుకున్న" అంది.

అవ్వ ఏడ్చింది. మా అవ్వ ఏడవడం నేను చూడడం అదే మొదలు. పెద్దమ్మ ఆమెను ఓదార్చలేదు, లేచి పోనూ లేదు. ముగ్గురమూ ఆ తడి మట్టి పక్కన కూర్చున్నాం. వాళ్ళిద్దరి మధ్యా అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. ఆ పేరేమిటో పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు, అవ్వ అడగలేదు. కానీ అవ్వ మంచాన పడ్డాక పెద్దమ్మ చేతి గంజి తప్ప మరెవరి చేతిదీ తాగలేదు.

నేను నాగర్‌కర్నూలుకు కోడలిగా వచ్చి, పిల్లలను పెంచి, ముసలిదాన్నయ్యాను. మొన్నీమధ్య మా ఆయనకు హైదరాబాదులో పరీక్షలు చేసి, ఇక చేయగలిగింది లేదన్నారు. దవాఖాన వరండాలో మా పిల్లలు, మరుదులు అందరూ ఒక మాట అనుకున్నారు, కడుపులో పుండే, మానిపోతుందని ఆయనకు చెప్దామని. వాళ్ళ ప్రేమను నేను తప్పు పట్టలేదు. లోపలికి వెళ్ళాను. ఆయన నా ముఖమే చూస్తూ, "ఏమన్నరు?" అని అడిగాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన నా మీద కోప్పడ్డాడు. తర్వాత గోడకు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఇటు తిరిగి, బిజినేపల్లిలో ఉన్న అక్కకు ఫోను కలపమన్నాడు. ఏదో మాట పట్టింపుతో ఆమెతో మాట్లాడక ఏళ్ళయింది. ఆమె వచ్చింది. ఆయన పోయేదాకా మా ఇంట్లోనే ఉంది.

ఇప్పటికీ ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే నేను నిలబడి చెప్పను. ముందు పక్కన కూర్చుంటాను. చెప్పాక, వాళ్ళు ఎన్ని మాటలన్నా, లేవను.