రాజవ్వ గుండెలో రెండో వైరు

ఒక్క అరుపుతో ఒక డాక్టరమ్మకు చెమటలు పట్టించి, ఒక పేషెంటు చేత మొక్కు మీద మొక్కు మొక్కించిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, అడ్డురాను.

అప్పుడు కరీంనగర్‌లో ఓ గుండె ఆసుపత్రిలో కొత్త టెక్నీషియన్ని. డాక్టరు రక్తనాళంలోకి సన్నని వైరు పంపుతుంటే, అది ఎటు పోతోందో ఎక్స్‌రే తెర మీద చూపించే యంత్రం నా చేతిలో ఉండేది. చేరి పదిహేను రోజులైనా కాలేదు గానీ, ఎక్స్‌రే కిరణాలు సోకకుండా వేసుకునే సీసపు కోటు తొడుక్కుని క్యాంటీన్‌కి కూడా వెళ్లేవాడిని, యుద్ధం గెలిచొచ్చినట్టు.

ఆ రోజు బల్ల మీద బీడీలు చుట్టే రాజవ్వ. గుండె నాళంలో అడ్డు. వైరు పంపేది మణికట్టు నుంచి కాబట్టి మత్తు అక్కడికే ఇచ్చారు, మనిషికి పూర్తి మెలకువ. డాక్టరమ్మ వైరు గుండె దాకా పంపింది. తెర మీద చూద్దును కదా, రెండు వైర్లు! రెండోది జిలేబీలా చుట్టుకుపోయి ఉంది.

"మేడం! వైరు తెగింది! ముక్క గుండెల్నే ఉండిపోయింది!"

"ఏం తెగిందిరా కొడుకా?" రాజవ్వ లేవబోయింది. "కొండగట్టు అంజన్నా, కొబ్బరికాయ కొడ్త!"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. వైరు మెల్లగా బయటికి తీసి చూసింది. "సాంతం ఉన్నది గదా శ్రీనూ!"

అక్కడితో ఆపితే నేను శ్రీనునెలా అవుతాను? "అయితే ఇంతకుముందు చేసినోళ్లు మరిచిపోయుంటరు మేడం."

"నాకు గిదే మొదటిసారి గదరా! అంజన్నా, నూటొక్క కాయలు!"

డాక్టరమ్మ తెర వైపు చూపించింది. "గుండె కొట్టుకుంటున్నది. గా రెండో వైరు కదులుతున్నదా?"

"లేదు మేడం."

"మరి గుండెల ఎట్లుంటది?"

నర్సు సుజాతక్క పరుపు కింద చెయ్యి పెట్టి తడిమింది. నల్లటి ఇయర్‌ఫోన్లు బయటికొచ్చాయి. "పొద్దుగాల నువ్వే గదా పరుపు సర్దింది, తమ్మీ? నీ జేబుల కెల్లి జారినట్టున్నయి."

వాటిని లాక్కుని జేబులో కుక్కుకున్నాను. ఆ గదిలో నేనే లేకపోతే బాగుండుననిపించింది.

వైరు మళ్లీ వెళ్లింది, స్టెంట్ పడింది, నాళం తెరుచుకుంది. బయటికి తోసుకెళ్తుంటే రాజవ్వ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా గుండెల అడ్డు తీసినవు, సల్లగుండు బిడ్డా. గీ పిలగాని నెత్తిల ఉన్నది తీసే మిషిన్ గూడ ఉన్నదా?"

అందుకే సర్వ నర్సుల సమక్షంలో శపథం చేస్తున్నాను: తెర మీద ఏం కనబడ్డా, ముందు జేబులు తడుముకుంటాను. నోరు ఆ తర్వాతే.