అవ్వకు పెట్టిన పెద్దవ్వ ముఖం

మా చిన్నప్పుడు... రాయచూరులో మా ఇంటి నడిమింట్లో గోడకు ఒక్కటే ఆయిల్ పెయింటింగ్ ఉండేది. తాత మొదటి భార్య, మా పెద్దవ్వది. నాన్న పాలు మరవకముందే ఆమె పోయింది. తర్వాత తాత చేసుకున్న రెండో ఆవిడే మా అవ్వ. నాన్నను పెంచింది, మమ్మల్ని పెంచింది ఆమే.

నాన్న బడిలో డ్రాయింగ్ మాస్టరు. నాకు ముఖాలు వేయడం ఆ పటంతోనే నేర్పాడు. దాని మీద అడ్డంగా, నిలువుగా దారాలు లాగి గళ్ళు చేసేవాడు. నా అట్ట మీదా అన్నే గళ్ళు... ఒక్కో గడిలో ఏముందో చూసి అలాగే దించాలి. దారం కొస పట్టుకుని ఓపిగ్గా నిలబడేది అవ్వే.

"నీకు తెలిసింది గీయకు. కండ్లకు ఏం కనబడ్తదో అదే గీయి" అనేవాడు నాన్న.

ఒకరోజు అవ్వ మెల్లగా అడిగింది. "నేర్సుకున్నంక నన్నొకటి గీయి బిడ్డా... నా మొఖం నేను సూసుకుంటా."

నేను సరేనన్నాను. నాన్నే, "బతికున్నోళ్లకు పటమెందుకు చిన్నమ్మా, మంచిది గాదు" అన్నాడు. నాతో, "ముందు ఇది సక్కగ రానీ" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా... రంగుల పెట్టె తాళం ఆయన దగ్గరే. మళ్ళీ అదే పటం, మళ్ళీ అదే ముక్కు, అవే కళ్ళు. నా బొమ్మ పెద్దవ్వలా కుదిరేసరికి అవ్వ మంచం పట్టింది. ఆ వానాకాలమే పోయింది.

పెద్దకర్మకు పటం కావాలన్నారు. వెతికితే ఆమెది ఒక్క మంచి ఫోటో లేదు... అందరూ ఫోటోకు నిలబడినప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉండేది. ఓటు కార్డులో ఉన్నది ఒక నల్లటి మచ్చ.

నాన్న నేను దించిన పెద్దవ్వ బొమ్మ తీశాడు. జుట్టుకు తెల్లరంగు పూశాడు. బుగ్గల మీద నాలుగు ముడతలు గీశాడు. తాత పోయాక అవ్వ బొట్టు పెట్టుకోలేదు కదా... బొమ్మ నుదుట బొట్టు మీద ఒంటిరంగు వేశాడు.

"ఈమె అవ్వ గాదు నాన్నా" అని ఏడ్చాను.

"ఖాళీ పీటకు దండ ఎట్లేస్తరే? ముసలోళ్ల మొఖాలన్నీ ఒక్కతీర్గనే ఉంటయ్, ఊకో."

దండ వేస్తే తడి ఆరని రంగుకు చేమంతి రేకులు అంటుకున్నాయి. యరగేర నుంచి వచ్చిన చుట్టాలు చేతులు జోడించి, "థేట్ అవ్వలెక్కనే ఉన్నది" అన్నారు. ఎదురుగా గోడ మీద అదే ముఖం, ఎర్ర బొట్టుతో... ఒక్కరూ అటూ ఇటూ చూడలేదు. నాకు ఇప్పటికీ మండేది అందుకే. అవ్వ చేతి జొన్నరొట్టె ఎంత పలుచగా ఉండేదో అందరికీ తెలుసు. ముఖమే ఎవరూ చూడలేదు.

ఇప్పుడు తినే కంచానికి కూడా ఫోటో తీసే రోజులొచ్చాయి. జనం ఫోన్లో ఫోటో పంపితే చూసి ముఖాలు వేసి ఇవ్వడమే నా బతుకుతెరువు. అవ్వను జ్ఞాపకంతోనే వేద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను... కుంచె పట్టగానే నా చేయి తాను నేర్చుకున్న ముక్కే వేస్తుంది, నేర్చుకున్న కళ్ళే వేస్తుంది. ప్రతిసారీ పెద్దవ్వే వచ్చి కూర్చుంటుంది.

మీ ఇంట్లోనూ ఏ ఫోటోకూ అందకుండా పోయిన ముసలమ్మ ఎవరైనా ఉన్నారా... ఆమె ముక్కు ఎలా ఉండేదో, నవ్వితే కళ్ళు ఏమయ్యేవో గుర్తుంటే ఇక్కడ రాయండి.

నాకు మా అవ్వవి గుర్తు లేవు...