చీరను చూసి కొన్న గ్రాఫిక్స్ కార్డు

చిత్తూరులో నా ఫోటో స్టూడియోకు కంప్యూటరు వచ్చిన కొత్తలో, పెళ్ళి ఆల్బమ్‌కు ఫోటోలు ఏరడానికి రెండు వైపుల బంధువులూ కలిసి వచ్చేవారు. నా కుర్చీ వెనక మూగి, భుజం మీదుగా చేయి చాపి, తెరను వేలితో పొడిచేవారు. బజ్జీలు తిన్న వేళ్ళతో! ఆ బాధ పడలేక, వాళ్ళు కూర్చునే బల్ల వైపు ఇంకో మానిటర్ పెట్టించాను. రెండింటినీ నడిపే గ్రాఫిక్స్ కార్డు తిరుపతిలో కొన్నాను. "కొత్త ఆటలన్నీ ఆడుతుంది సార్" అని అంగడాయన అంటగట్టాడు. ఆటలాడే వయసా నాది?

మొదట వచ్చింది బంగారుపాళ్యం పెళ్ళివారు. మగపెళ్ళివారు పెట్టిన ముహూర్తం చీర అరక్కు రంగు, అంటే లక్కలాంటి ముదురు ఎరుపు. నా తెర మీద అలాగే ఉంది. బల్ల వైపు తెర మీద కమలాపండులా వెలుగుతోంది. కంచికి పోయి ఆ చీర ఎంచింది పెళ్ళికొడుకు మేనత్త. కాలు విరిగి పెళ్ళికి మాత్రం రాలేకపోయింది.

"ఇది నేను తెచ్చిన చీర కాదే. నచ్చకపోతే చెప్పుండొచ్చు గదా వదినా" అంది మేనత్త, ఆ తెర చూసి పెళ్ళికూతురి తల్లితో.

"అదే కట్టింది వదినా" అని పెళ్ళికొడుకు తల్లి సర్దబోయింది.

"నువ్వూ వాళ్ళ పక్క చేరినావా?"

నా తెర చూడమన్నాను. "నీ దాంట్లో రంగు పూసినావులే అన్నా" అంది. నన్నేమన్నా పడతాను గానీ, ఆ మాట పడను. పెళ్ళికూతురి తల్లికి కళ్ళనీళ్ళు తిరిగాయి. చీర తెచ్చి చూపించినా, కట్టకుండా బీరువాలో దాచారనే అంటుంది కదా ఈ మేనత్త.

కార్డు పెట్టెలోని ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అప్పటికి అర్థమైంది: ఆ కార్డుతో ఒక తెర రంగు దిద్దితే రెండోదీ మారిపోతుంది. పెళ్ళికూతురి తల్లిని అడిగి చీర తీసుకుని, కంప్యూటరూ మానిటర్లూ జీపులో వేసుకుని తిరుపతి పోయాను. చీరను అంగడి బల్ల మీద పరిచాను.

"సార్, ఇది జౌళి అంగడి కాదు."

"తెలుసులేప్పా. రెండు తెరల్లోనూ ఈ చీర ఇట్లే కనపడాల."

వేడెక్కకుండా ఇంకా పెద్ద ఫ్యాను ఉన్న కార్డు తీశాడు.

"ఫ్యాను మా ఇంట్లో ఉండాది. నాకు రంగు సూపించు."

చివరికి అటక మీద నుంచి, ఎవరూ అడగని చిన్న కార్డు దిగింది. ఫ్యానే లేదు. ఏ తెర రంగు ఆ తెరకు విడిగా దిద్దుకోవచ్చు. పక్క అంగళ్ళ ఆడవాళ్ళు కూడా చేరి "ఇంకొంచెం ఎరుపు" అంటుంటే దిద్దుకున్నాను.

మేనత్త మళ్ళీ వచ్చింది. చీరను ఒళ్ళో పెట్టుకుని, బల్ల వైపు తెరను చాలాసేపు చూసింది. తర్వాత కుంటుకుంటూ వచ్చి నా తెరా చూసింది.

"ఇదే" అంది. పెళ్ళికూతురి తల్లి వైపు తిరిగి, "బిడ్డకు ఎంత బాగుండాది వదినా. నేను ఏరిందంటే మాటలా" అంది.

ఆ తల్లి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"అంచు సూడు, అంచు" అంటూ మేనత్త నా తెరను వేలితో పొడిచింది. ఆ రోజుకు పొడవనిచ్చాను.