సారు తమ్ముడు

ఆబిడ్స్‌లో మాకు స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పిన సారు నాంపల్లి స్టేషన్ వైపు నుంచి నడిచి వచ్చేవారు. క్లాసులో తెలుగు ముక్క మాట్లాడనిచ్చేవారు కాదు. ప్రతి శనివారం ఇంట్లోవాళ్లలో ఒకరి గురించి రెండు నిమిషాలు చెప్పాలి. ఉన్న మనిషికి ‘ఈజ్’, పోయిన మనిషికి ‘వాజ్’. తప్పు చెబితే మిగతావాళ్లం బెంచీ మీద కొట్టాలి.

మొదట ఆయనే చెప్పేవారు: “మై బ్రదర్ వాజ్ ఎ గుడ్ మ్యాన్.” మొదటిసారి విని మేమంతా “సారీ సర్” అన్నాం. ఆయన తల ఊపి తర్వాతి పేరు పిలిచారు.

ఒకరోజు సుల్తాన్ బజార్‌లో నేను చీరకు లేసు కొంటుంటే, కొట్టాయన నా నోట్‌బుక్ మీద క్లాసు పేరు చూశాడు. దగ్గు ఆపుకుంటూ అడిగాడు.

“గా సారు మా అన్ననే అమ్మా. మంచిగున్నడా? ఇల్లు పంచుకున్నప్పటి సంది మాటల్లేవు.”

బతికున్న తమ్ముడికి మా చేత సంతాపం చెప్పించుకున్నాడా ఈ మనిషి!

శనివారం సారు మళ్లీ “మై బ్రదర్ వాజ్...” అనగానే నేనొక్కదాన్నే బెంచీ మీద గట్టిగా కొట్టాను. క్లాసంతా బిత్తరపోయింది.

“ఐ సా హిమ్ సర్. ఇన్ సుల్తాన్ బజార్,” అన్నాను.

ఆయన చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. తర్వాత, ఆ గదిలో మొదటిసారి, తెలుగులో అడిగారు:

“వానికి దగ్గు తగ్గిందా?”