మేం వాకబుకి వెళ్ళలేదు

బీమా ఆఫీసులో క్లెయిముల విచారణ నా ఉద్యోగం. ఫలానా మనిషి నిజంగా జబ్బుతోనే పోయాడా, ఫలానా దుకాణం నిజంగా దానంతట అదే తగలబడిందా అని ఊరూరా తిరిగి కనుక్కోవడం. పదిహేనేళ్ళు ఆ పని చేసేసరికి, ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే వీడికేం కావాలో అని ముందు అనిపించేది. "మీకు మంచినీళ్ళిచ్చినా అనుమానమే," అనేది మా ఆవిడ. అంత అన్యాయమైన మాట ఇంకోటి లేదు. అడక్కుండా ఇస్తేనే నాకు అనుమానం.

రెండువేల ఒకటో, రెండో సంవత్సరం. హైదరాబాదులో మా వీధి మొగలో ఫ్లైఓవరు కడుతున్నారు. ఆ దుమ్ముకి మా ఆవిడకి దగ్గు పట్టుకుని నెలైనా వదల్లేదు. ఆవిడతో పాటు స్కూల్లో పనిచేసే టీచరుగారిది రేపల్లె వైపు కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడ వాళ్ళ ఇల్లు ఖాళీగా ఉందట. "నాలుగు రోజులు ఉండి రండి, గాలి మారితే అదే పోతుంది," అని తాళంచెవి చేతిలో పెట్టింది. ఈవిడకి మామీద ఇంత ప్రేమ ఎందుకా అని నేను రైల్లో సగం దారి ఆలోచించాను.

సత్తెనపల్లి దాటిన దగ్గర్నుంచీ పట్టాలకి రెండు పక్కలా పీకని పత్తి కట్టె, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. పెట్టెలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం తుమ్ముతూనే ఉన్నాం. గుంటూరులో దిగి బస్సెక్కి తెనాలి దాటాక ఘాటు పోయింది. కాలవలు, అరటి తోటలు, వరి కోసిన చేలల్లో మినుము. మా ఆవిడ కిటికీ పూర్తిగా తెరిచి తల బయటికి పెట్టి కూర్చుంది. వద్దన్నా వినలేదు.

ఊరు బాగుంది. ఆ మాట అప్పట్లో ఒప్పుకోలేదు గాని, బాగుంది. ఆ రోజుల్లో కృష్ణ సగం ఇసుకే. గట్టు దిగి ఇసుకలో చాలా దూరం నడిస్తే గాని నీళ్ళు తగలవు. అక్కడ బల్లకట్టు మీద మోటారు సైకిళ్ళు, గేదెలు, మనుషులు అందరూ కలిసి అవతలి ఒడ్డుకి పోతుంటారు. మొదటి సాయంత్రమే మా ఆవిడ ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి గంటసేపు కదల్లేదు. గంటలో రెండుసార్లే దగ్గింది.

మర్నాడు పొద్దున్న పక్కింటావిడ పళ్ళెం నిండా పెసరట్లు, అల్లం పచ్చడి తెచ్చింది. ఆవిడ భర్త రిటైరైన హైస్కూలు మాస్టారు. వాళ్ళకొక అమ్మాయి, ఊళ్ళోనే ప్రైవేటు బళ్ళో టీచరు. మధ్యాహ్నం గుత్తొంకాయ కూర వచ్చింది. సాయంత్రం మాస్టారే స్వయంగా కొబ్బరి బొండాలు కొట్టించి పంపారు. మా ఆవిడ అన్నీ కళ్ళకద్దుకుని తింది. నేను తింటూనే ఆలోచిస్తున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇంత మర్యాద ఏమిటి? స్థలం అంటగడతారా? ఎవరికైనా ఉద్యోగం వేయించమంటారా?

ఒక మనిషి సంగతి తెలియాలంటే ఆ మనిషిని తప్ప మిగతా అందర్నీ అడగాలి. నా వృత్తి నేర్పిన విద్య అదొక్కటే. రెండోరోజు గడ్డం గీయించుకునే నెపంతో సెలూన్‌లో కూర్చుని, అద్దంలోకి చూస్తూ, మాటల మధ్యలో అన్నట్టు అడిగాను. "ఆ మాస్టారి వాళ్ళు ఎలాంటివాళ్ళోయ్? గొడవలేమన్నా ఉన్నాయా?"

కత్తి నా దవడ మీద ఆగింది. "ఎందుకండీ అడుగుతున్నారు?"

"ఊరికే."

"ఆఁ, అర్థమైంది లెండి," అని అతను గట్టిగా నవ్వాడు. "బంగారం లాంటి మనుషులండీ బాబూ. కళ్ళు మూసుకుని ముందుకెళ్ళొచ్చు."

ఎక్కడికి ముందుకెళ్ళాలో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఊరుకునే మనిషిని కాదు కాబట్టి టీ కొట్టులో అడిగాను, పోస్టాఫీసు అరుగు మీద అడిగాను, బల్లకట్టు దగ్గర అడిగాను. ఎక్కడ అడిగినా ముందు ఆ నవ్వే, తర్వాత పొగడ్తే. ఒకాయన మాత్రం నేను ఒంటరిగా వస్తుంటే సైకిలు దిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆ అమ్మాయి చిన్నప్పుడు బళ్ళో ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయిందండీ. మూర్ఛేమో అనుకున్నారు. నేను చెప్పానని అనబాకండి." నేను నోరు తెరిచేలోపు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఊరంతా కలిసి ఏదో చేస్తోందనిపించింది. ఇంటికొచ్చి మా ఆవిడతో అంటే, "నిన్నట్నుంచి నేను దగ్గలేదు. అది కనిపించిందా మీకు?" అంది.

ఆ సాయంత్రం మాస్టారు వచ్చారు. ఇస్త్రీ పంచె, మెడచుట్టూ కండువా. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"చూడండి బాబూ. మీరు మా అమ్మాయి గురించి ఊళ్ళో వాకబు చేస్తున్నారని తెలిసింది. తప్పులేదు. పిల్లనిచ్చేవాళ్ళూ చేసుకునేవాళ్ళూ కనుక్కోకుండా ఎలా ఉంటారు? కానీ మంగలిని, పడవవాణ్ణి అడిగేకన్నా నన్నే అడగండి. పిల్లకి ఏ జబ్బూ లేదు. ఆరోజు ఉపవాసం ఉండి పడిపోయింది. డాక్టరు కాగితాలు కూడా ఉన్నాయి, తెమ్మంటే తెస్తాను."

అప్పుడు గాని నా తలకెక్కలేదు. పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఎవరో తెలిసినవాళ్ళింట్లో దిగి, పనేమీ లేనట్టు నాలుగు రోజులు తిరిగి, పిల్ల తాలూకు మంచీ చెడ్డా ఆరా తీసి పోవడం మా వైపు మామూలే. మా పెళ్ళికి ముందు మా మేనత్త చేసిన పనీ అదే.

"అయ్యో, కాదండీ. మేం ఊరికే వచ్చాం. ఈవిడకి దగ్గు," అన్నాను.

"వాకబుకి వచ్చినవాళ్ళెవరైనా అవునంటారా అండీ?" అని మాస్టారు నవ్వారు.

"మాకు పిల్లల్లేరు మాస్టారూ," అంది మా ఆవిడ.

"అన్నగారి అబ్బాయో, అక్కగారి అబ్బాయో ఉంటారు కదమ్మా. ఫర్వాలేదు, చెప్పలేని ఇబ్బందులుంటాయి." ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఎంత కాదంటే అంత అవుననుకున్నారు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పి నమ్మించలేకపోయాను, ఆ బాధ ఎలా ఉంటుందో నా క్లెయిముల వాళ్ళకి తెలిసి ఉంటుంది.

బయల్దేరే రోజు పొద్దున్న మేం ఇసుకలో నడుస్తుంటే ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. భుజానికి సంచీ, బడికి వెళ్ళే తొందర.

"మీరు గాలి మార్పుకే వచ్చారని నాకు తెలుసండీ," అంది. "చూడ్డానికి వచ్చినవాళ్ళయితే ఏదో వంకతో నన్ను పలకరిస్తారు, ఏదైనా చదివిస్తారు, నడిపిస్తారు. మీరు నా మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు. నాన్నకి చెప్పాను, నమ్మడం లేదు."

నేను ఏదో క్షమాపణ గొణిగాను. ఆమె వినలేదు.

"ఒక్కమాట చెప్పడానికి వచ్చాను. హైదరాబాదు సంబంధం ఒకటి దాదాపు ఖాయమైందండీ. ఆ అబ్బాయితో మాట్లాడాను, నాకిష్టమే. ఉద్యోగం మానొద్దన్నాడు. వాళ్ళ మేనమామ ఇక్కడ రైసు మిల్లులో పనిచేస్తాడు. మీరు అడగడం ఆయన చెవిన పడింది. మేం రెండు చోట్ల సంబంధాలు మాట్లాడుతున్నామా అని నిన్న మా ఇంటికొచ్చి అరిచాడు. నాన్న ఎలాగో సర్దిచెప్పారు. ఇంకెవర్నీ మా గురించి ఏమీ అడక్కండి. మంచి కూడా చెప్పకండి. ఊరుకుంటే అదే సర్దుకుంటుంది."

"ఇంక మాట్లాడితే ఒట్టమ్మా," అన్నాను. మా ఆవిడ ఆ అమ్మాయి చేతులు పట్టుకుంది.

ఊరుకోవాలి కదా. ఊరుకోలేకపోయాను. హైదరాబాదు వచ్చాక వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆ మేనమామ ఊరుకుని ఉండడు, ఏదో ఒకటి రాసే ఉంటాడు, పిల్ల పెళ్ళి నా మూలంగా చెడిపోతుంది అని ఒకటే అనుమానం. రైసు మిల్లు ఆనవాలు పట్టుకుని ఆ కుటుంబం చిరునామా సంపాదించడం నాకు రెండు పూటల పని. ఒక ఆదివారం మా ఆవిడకి చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను.

అబ్బాయి తల్లీ తండ్రీ మర్యాదగా కూర్చోబెట్టారు. నేను జరిగిందంతా మొదట్నుంచీ చెప్పాను. ఆ అమ్మాయి ఎంత మంచిదో, ఎంత తెలివైందో, కళ్ళు తిరిగి పడిపోయింది ఉపవాసం వల్లే గాని మూర్ఛ కాదనీ చెప్పాను. వాళ్ళకి ఆ పడిపోయిన సంగతి అప్పటిదాకా తెలియదని వాళ్ళ మొహాలు చూశాక తెలిసింది.

"ఆ అమ్మాయి మీకేమవుతుందండీ?" అని అడిగింది అబ్బాయి తల్లి.

"ఏమీ కాదండీ."

"మరి ఇంత ఎండలో వెతుక్కుంటూ వచ్చారు?"

ఆవిడ మాటలో కోపం లేదు. నేను పదిహేనేళ్ళుగా ఎదుటివాళ్ళని అడిగినట్టే నెమ్మదిగా అడిగింది. ఇచ్చిన కాఫీ తాగి లేచాను.

నెల తిరక్కుండానే మా ఆవిడ స్కూల్లో ఆ టీచరుగారు చెప్పిందట, సంబంధం తప్పిపోయిందని. ఎవరో మగమనిషి అమ్మాయి తరఫున ఇంటికొచ్చి మరీ గట్టిగా వకాల్తా పుచ్చుకుని మాట్లాడాడట, జబ్బు సంగతి కూడా బయటపడిందట. మా ఆవిడ ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నా మొహం చూసింది. ఆవిడ ఇంకేమీ అడగక్కర్లేకపోయింది.

"ఇంకోటి కూడా ఉంది," అంది. "మాస్టారు మనకి కబురు పెట్టారట. ఆ సంబంధం పోతే పోయింది, మీ వాళ్ళ అభిప్రాయం ఏమిటో తొందరగా చెప్పమన్నారట. ఎదురుచూస్తున్నారట."