వర్నా కాలువలో లెవి ఓడ

లెవి ఏ రేవుకు వెళ్తే ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాలు లూసీ టీచరమ్మకు కంఠతా రావాల్సిందే. కాకినాడ మిషన్ స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి చెప్పి అరిగిన నాలుక, విదేశంలో, క్యారీ అనే ఊళ్లో కూతురింట్లో ఉన్నంత మాత్రాన ఊరుకుంటుందా? కొడుకు లెవి సరుకు ఓడలో ఇంజనీరు. ఊరి సంగతి తెలిసుంటే ఆ ఊరు బిడ్డకు కీడు చేయదని ఆవిడ నమ్మకం. ఎవరు నవ్వినా లెక్కచేసేది కాదు.

ఆ ఆదివారం తెలుగు చర్చిలో, ఆరాధనకు ముందు సండే స్కూల్లో, బల్గేరియాలోని వర్నా వంతు వచ్చింది. బోర్డు మీద నల్ల సముద్రం గీసింది. తూర్పుకు నోరు తెరిచిన అఖాతం, ఒడ్డున ఊరు, ఊరికి పడమట పొడవాటి సరస్సు, అఖాతాన్నీ సరస్సునూ కలుపుతూ తవ్విన కాలువ.

"గ్రీకులు వచ్చి ఒడెస్సోస్ అన్నారు. రోమన్లు స్నానశాలలు కట్టారు. కొన్నేళ్లు స్టాలిన్ పేరు పెట్టి, మళ్లీ పీకేశారు. వీళ్లందరికంటే ముందే, ఆరువేల ఏళ్ల కిందట, ఎవరో తమవాళ్లను బంగారంతో పాతిపెట్టుకున్నారు."

"వాళ్ల నేమ్స్ ఏంటి ఆంటీ?" అంది ముందు వరుసలో కూర్చున్న నిధి.

"తెలీవమ్మా."

అప్పుడే గుమ్మంలో అల్లుడు వినయ్ కుమార్ కనిపించాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అత్తయ్యా, ఒక్కసారి బయటికి రండి."

వర్నా బయట ఒక సరుకు ఓడకు, అవతలి ఒడ్డున జరుగుతున్న యుద్ధం వల్ల సముద్రంలో కొట్టుకొస్తున్న మందుపాతర తగిలిందట. ఏ ఓడో చెప్పడం లేదు. లెవి ఇవాళే రేవులోకి వెళ్లాలి. ఫోన్ కలవడం లేదు.

లూసీ కార్ పార్కింగ్‌లో నిలబడే కళ్లు మూసుకుంది. "ప్రభువా, మావాడి ఓడ కాకూడదు. ఇంకెవరిదైనా కానీ" అనుకుంది.

ఓడ ఎక్కడుందో చూపించే యాప్‌ని పట్టుకుని కూతురు పర్సిస్ వచ్చింది. "నేల మీద చూపిస్తోందమ్మా. ఓడ నేల మీద ఎలా ఉంటుంది?"

"నేల కాదే, అది కాలువ. సరస్సులోకి వెళ్తున్నాడు."

"అక్కడ జీపీఎస్ జామ్ చేస్తారు అత్తయ్యా. లొకేషన్‌ని ట్రస్ట్ చేయలేం" అన్నాడు వినయ్ మెల్లగా.

పిల్లలకు ఇప్పుడే పాఠం చెప్పి వచ్చిన కాలువే. కానీ పాఠం చెప్పడం వేరు, కొడుకు ప్రాణం దాని మీద పెట్టడం వేరు. లూసీకి భయం వేసింది. జీవితంలో మొదటిసారి పటం మీద నమ్మకం పోయింది.

లోపల పాటలు మొదలయ్యాయి. లోపలికి వెళ్లి కూర్చున్నా ఆవిడ చెవికి ఒక్క చరణమూ ఎక్కలేదు. పాస్టరుగారి వాక్య ప్రసంగం సగంలో ఉండగా ఫోన్ మోగింది. లూసీ పరుగున బయటికొచ్చింది.

"అమ్మా, నేనే. కాలువ మీది వంతెన కింద నుంచి సరస్సులోకి వచ్చేశాం. మాకేం కాలేదు."

లూసీ మెట్ల మీద కూర్చుంది. "మరి ఆ ఓడ?"

"మా కంటే ముందు వెళ్లాల్సిందమ్మా. ఏదో రిపేరుందని పొద్దున వాళ్లే రేడియోలో మమ్మల్ని ముందు వెళ్లమన్నారు." లెవి గొంతు తగ్గించాడు. "ఆ ఓడవాళ్లు ఎవరూ దొరకలేదు."

ఆవిడ లోపలికి వచ్చేసరికి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం. పర్సిస్ అప్పటికే సంగతి పాస్టరుగారి చెవిన వేసింది. ఆయన మైకు చేతికిచ్చాడు. స్తోత్రం చెప్పడానికి సంఘమంతా చేతులెత్తి సిద్ధంగా ఉంది.

"నా కొడుకు క్షేమం" అంది లూసీ. చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా తల దించుకుని నిలబడింది.

"ఇంకెవరిదైనా కానీ అని ప్రార్థించాను. ఇంకెవరిదో అయింది. మావాడికి దారిచ్చినవాళ్లదే అయింది. వాళ్ల పేర్లు నాకు తెలీవు. వాళ్ల తల్లులు ఈపాటికి ఫోన్లు చేస్తుంటారు. నేను స్తోత్రం చెప్పలేను పాస్టరుగారూ. వాళ్ల కోసం ప్రార్థన చేయండి."

ఎవరూ హల్లెలూయా అనలేదు. మోకాళ్ల నొప్పులని ఏడాదిగా కుర్చీలోనే ప్రార్థించుకునే మనిషి, మైకు పక్కన పెట్టి, అందరికంటే ముందు నేల మీద మోకరించింది.